మూడు కాళ్ల కుందేలు

దుర్రెస్‌లో మా మేడ కప్పు మీద
చీకటి పడ్డాకే మొలిచేది యాంటెన్నా.
నాలుగు పాలడబ్బా మూతలు, ఒక రాగితీగ,
ఓడరేవు వర్క్‌షాపు నుంచి నాన్న
చొక్కాలో దాచి తెచ్చిన గోరంత ట్రాన్సిస్టర్.
తెల్లారేలోపు దాన్ని దించి
బొగ్గుల బస్తాలో పడుకోబెట్టేవాడు
నిద్రపోయిన పిల్లను మోసినంత జాగ్రత్తగా.

సముద్రానికి అవతల ఇటలీ.
ఇవతల మేము, కిటికీకి దుప్పటి కట్టి,
గొంతులు తగ్గించి, దాని గొంతూ తగ్గించి,
బుధవారం ఏడింటికి కుందేలు కోసం.

టోపీ పెట్టుకుని గెంతేది.
ఏదో అని, బిస్కెట్ కొరికేది.
గాలి ఎదురు తిరిగితే
తెరనిండా పిండి జల్లించినట్టుండేది.
నాన్న మూతల్ని ఎంత తిప్పినా
వెనక కాలొకటి ఆ జల్లులోంచి బయటపడేదే కాదు.
నాలుగుంటాయిరా, అనేది అమ్మ.
తమ్ముడు ఎర్మాల్ పట్టు విడిచేవాడు కాదు:
"చూశావుగా. మూడే."

టోపీ రంగు మాకు తెలీదు. టీవీ నలుపూ తెలుపూ.
ఎరుపే అనుకున్నాం.
మంచి గుడ్డ అంటే మాకు తెలిసింది
బడికి మెడలో కట్టుకునే రుమాలే కదా.

శత్రువు ఇప్పుడు తుపాకీతో రాడని
రేడియో రోజూ చెప్పేది.
బొమ్మై వస్తాడని,
ముందు పిల్లల నాలుక మీద జెండా పాతుతాడని.
అది ఉత్త అబద్ధమని ఇవాళ్టికీ అనలేను.
ఎర్మాల్ నిద్రలో ఇటాలియన్‌లో కలవరించేవాడు.
నానమ్మ పొడుపుకథ విప్పమంటే
ఆవలించి, "బిస్కెట్ ఏదీ?" అనేవాడు,
ఆ కుందేలు గొంతుతో, ఆ భాషలోనే.
ఆవిడ నా వంక చూసేది,
తన ఇంట్లో తనకే దుబాసీ కావాలా అన్నట్టు.

మార్చిలో బడికి ఇద్దరొచ్చారు, జిల్లా కమిటీ నుంచి.
కోట్లు విప్పలేదు.
ఒకాయన తియ్యగా అన్నాడు:
"పిల్లలూ, తలా ఒక కుందేలు బొమ్మ వెయ్యండి."
పై తరగతి నుంచి సుద్దముక్కలు తెచ్చిన నేను
గుమ్మంలోనే ఉండిపోయాను.
ముప్ఫై ఒక్క పెన్సిళ్లు, వాన మొదలైనట్టు.

అఫెర్దితా టీచరు కాగితాలు పోగుచేస్తూ
ఒక దగ్గర ఆగింది.
మళ్లీ ఇంకో దగ్గర.
తొమ్మిది చోట్ల ఆగింది.
వాళ్లకు వీపు పెట్టి, బల్ల మీదికి వంగి,
తొమ్మిది కుందేళ్లకూ
తన చేత్తో నాలుగో కాలు గీసింది.
"చిన్నపిల్లలు. బొమ్మ పూర్తిచేసే ఓపికుండదు,"
అంది కట్ట అందిస్తూ.

ఆవిడకెలా తెలిసిందని
రాత్రి నాన్ననడిగాను.
కిటికీ దుప్పటి అంచు సర్దుతూ అన్నాడు:
"వాళ్ల కప్పు మీదా ఇదే గాలి."

ఐదేళ్లకు ఓడ.
మనుషులే సరుకైన ఓడ. ఎండ. తాళ్లకు వేలాడే కాళ్లు.
బారి రేవులో అందరి నాలుకలూ పిడచకట్టుకుపోతే
పోలీసు ముందు మాట వచ్చినవాడు
ఎర్మాల్ ఒక్కడే.
వాడి ఇటాలియన్‌లో
దాహం అనే మాట లేదు.
"హోయ్ హోయ్ నేస్తాల్లారా, కరకరలాడే వేళయింది!"
అన్నాడు పన్నెండేళ్లవాడు, పగిలిన పెదాలతో.
పోలీసు పగలబడి నవ్వాడు.
నవ్వి, నీళ్ల సీసా ఇచ్చాడు.
అది జాలో ఎగతాళో
నాన్నకు పోయేదాకా తేలలేదు.

ఆ శీతాకాలం, ఒక దుకాణం అద్దం వెనక,
మనిషంత రంగుల టీవీలో
కుందేలు.
పసుపు టోపీ. బిస్కెట్ పొట్లం ఏ పసుపో
అచ్చం అదే పసుపు.
ఒక్క చుక్క జల్లు లేదు. నాలుగు కాళ్లూ నున్నగా.
ఎర్మాల్ భుజం తట్టాను, అదిగోరా అని.

చాలాసేపు చూశాడు.
ఊపిరికి అద్దం మసకేసింది, తుడవలేదు.
"ఇది కాదు," అన్నాడు
మా భాషలో, నానమ్మ యాసలో,
"మనదానికి మూడే కాళ్లు."